మొసలి కాదు

గురువారం పొద్దున సైఫన్ దగ్గర నీటి మట్టం గేజి చూడటానికి కాలువ దిగిన వహాబ్, నీళ్లలో తేలుతున్నదాన్ని తుమ్మ దుంగ అనుకున్నాడు. దుంగ జాలీకి అడ్డం పడితే నీళ్లు ఎగదన్నుతాయి. గట్టు మీద ఎప్పుడూ ఉంచే కొక్కెం కర్ర తెచ్చి, దాని వీపు మీద ఆనించి పక్కకు నెట్టబోయాడు. దుంగ కళ్లు తెరిచింది.

అతను కర్ర వదిలేయలేదు. చప్పుడు కాకుండా, జానెడు జానెడుగా వెనక్కి తీసుకున్నాడు. కర్ర చివరి నుంచి నీళ్లు కారి పాదాల మీద పడుతున్నా చూపు దాని మీది నుంచి తీయలేదు.

కాలువ వాగు కింది నుంచి దాటిపోవడానికి కట్టిన సైఫన్ అది. ఈ పక్కన నీళ్లు దిగే పెద్ద తొట్టి, చుట్టూ నిట్టనిలువు కాంక్రీటు గోడలు, అడుగున సొరంగం నోటికి ఇనుప జాలీ. ఊళ్లకు వంతులేసి నీళ్లిచ్చే వారబందీ ప్రకారం సోమవారం నుంచి కాలువకు నీళ్లు ఆపారు. కృష్ణ నుంచి పారుడు నీళ్లతో కొట్టుకొచ్చిన మొసలి, నీళ్లు తగ్గిపోయేసరికి తొట్టిలో ఇరుక్కుపోయింది. గోడల పాకుడు మీద దాని గోళ్ల గీతలు తెల్లగా కనిపిస్తున్నాయి. ఎక్కడానికి చూసిన ప్రతిచోటా గీతలు నడుమెత్తు దాకా వచ్చి ఆగిపోయాయి.

వహాబ్ ఇరవై రెండేళ్లుగా ఈ కాలువకు లష్కరు. గేట్లు లేపడం, దింపడం, గేజి రాయడం అతని పని. ముందు కాలువ ఇంజనీరు, ఏఈ ప్రశాంత్ సారుకు ఫోన్ చేశాడు.

"మొసలా? ఫారెస్టోళ్లకు చెప్పు, వాళ్లు చూస్కుంటరు," అన్నాడు ప్రశాంత్. "రేపు ఎనిమిదింటికి నీళ్లు వదలాలె వహాబ్. కింద దాసరిపల్లిల వరి పాలు పోసుకుంటుంది. ఒక్క తడి తప్పిందంటే తాలే మిగుల్తది."

ఫారెస్టు బీట్ ఆఫీసర్ భవ్యశ్రీ గంటలోపే స్కూటీ మీద వచ్చింది. అచ్చంపేట పిల్ల, నల్లమల అంచున పుట్టి పెరిగింది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. తొట్టి అంచున బోర్లా పడుకుని చాలాసేపు కిందికి చూసి, లేచి మోచేతుల మట్టి దులుపుకుంది.

"ఆడది. ఆరడుగులుంటది కాకా. హైదరాబాదు నించి టీం రావాలె. రేపు సాయంత్రం అంటున్నరు. అప్పటిదాక నీళ్లు వదలొద్దు. జోరుగ నీళ్లొస్తె జాలీకి అతుక్కుపోతది. మొసలి గూడ ఊపిరాడక సస్తది, మనలెక్కనే."

"రేపు పొద్దుగాల్నే వదలాలంటున్నరు మేడం."

"షెడ్యూల్ ఒకటి జంతువు కాకా ఇది. పెద్దపులెంతో ఇదీ అంతే. సచ్చిందంటే జైలే."

"మరి గా ముచ్చట మీ సార్లు మా సార్లకు కాగితం మీద రాసిస్తరా?"

ఆమె ఫోన్ తీసి గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ ఇద్దరు ముగ్గురితో మాట్లాడింది. తిరిగి వచ్చినప్పుడు ఆ మాట ఎత్తలేదు. సిమెంటు పని మిగిలిన చోట ఖాళీ సంచులు పడి ఉన్నాయి. వహాబ్ వాటిని ఏరుకొచ్చి ఇసుక నింపడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్ కాకా?"

"మెట్ల లెక్క పేరుస్త. నీళ్లు జర పైకొస్తె అదే ఎక్కిపోతదేమో."

భవ్యశ్రీ టోపీ తీసి స్కూటీ అద్దానికి తగిలించి, సంచి మూతి పట్టుకుంది. అతను పారతో ఇసుక పోస్తుంటే ఆమె పురికొసతో మూతులు కట్టింది. తాడు కట్టి ఒక్కో సంచీ తొట్టి మూలకు దించారు. సంచి నీళ్లను తాకినప్పుడల్లా మొసలి తోక ఒక్కసారి విదిలించి ఎదుటి గోడకు పోయి అతుక్కునేది. మధ్యాహ్నానికి ముప్పై సంచులు పడ్డాయి. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి.

అప్పుడే వహాబ్ భార్య మెహబూబీ అన్నం గిన్నె తీసుకుని గట్టు మీద నడిచి వచ్చింది. ఆమెకు కుడి చేయి మోచేతి దగ్గరికే ఉంది. ఆరేళ్ల కిందట నది రేవులో బట్టలు జాడిస్తుంటే మొసలి పట్టుకుంది. ఎడమ చేత్తో గిన్నె మూట దించి, మూతను మోకాళ్ల మధ్య పెట్టుకుని తీసింది. వహాబ్ తీయబోతే వద్దన్నట్టు తల ఊపింది.

"అమ్మా, నీ రిపోర్టు పంపిన," అంది భవ్యశ్రీ. "రేవు కాడ కొలతలు రాసిన. ఆనాడు నిన్ను గుంజినోళ్లతోని మాట్లాడిన. మొసలే పట్టిందని రాసిన."

మెహబూబీ ముద్ద కలుపుతున్న చేయి ఆపింది. "ఇంజను బెల్టు అని రాయలేదు గదా బిడ్డా?"

"లేదమ్మా."

ఆరేళ్ల కింద ఫారెస్టు ఆఫీసు ఇచ్చిన కాగితంలో అదే ఉంది. మొసలి దాడికి రుజువు లేదని, మోటారు బెల్టులో పడి తెగినట్టుందని. నీళ్లు ప్రాజెక్టోళ్లవని ఫారెస్టు వాళ్లు, మొసలి ఫారెస్టుదని ప్రాజెక్టు వాళ్లు తిప్పి తిప్పి చివరికి ఆ మాట రాశారు. అప్పటి నుంచి మెహబూబీ సోమవారం సోమవారం కలెక్టరాఫీసు వరండాలో కూర్చుంది. సహాయం సంగతి తర్వాత, ముందు నేను అబద్ధం చెప్పలేదని రాయండ్రి అని ప్రతి అర్జీలోనూ చెప్పించింది. మూణ్నెల్ల కిందట మళ్లీ విచారణకు ఆర్డరు పడింది. ఆ విచారణ భవ్యశ్రీ చేతికి వచ్చింది.

అన్నం తిన్నాక మెహబూబీ లేచి తొట్టి అంచుకు పోయింది. వహాబ్ వెనకే వెళ్లి ఆమె కొంగు చివర పట్టుకుని నిలబడ్డాడు. కింద మొసలి కదలకుండా ఉంది. రెండు ముక్కుపుటాలూ, రెండు కళ్లూ మాత్రం నీళ్ల పైన. ఆమె మొండి చేతిని కొంగులో దాచుకుని కన్నార్పకుండా చూసింది.

"ఇది చిన్నది," అంది చివరికి. "అది గాదు."

*

శుక్రవారం ఎనిమిది కాకముందే దాసరిపల్లి నుంచి రెండు ట్రాక్టర్ల మంది దిగారు. ముందు వెంకట్రాములు. ఆయకట్టు చివరి రైతులందరికీ అతనే పెద్ద. చేతిలో నాలుగు వరి వెన్నులు పట్టుకొచ్చాడు.

"చూడు వహాబ్ భాయ్." ఒక గింజ గోటితో చిదిమి చూపించాడు. పాలు రావలసిన చోట తడి కూడా సరిగా లేదు. "నిన్నటికే నెర్రెలు వాసినయ్. ఇయ్యాల నీళ్లు రాకుంటె కోతకు మిషన్ పిలిచే పనే లేదు, గొడ్లను తోలుడే. గీ మొసలొక్కదానికోసం మూడొందల ఎకరాలు ఎండబెడ్తరా?"

"సాయంత్రం టీం వస్తదట వెంకట్రాములన్నా."

"సాయంత్రం నువ్వు లేపితె మా కాడికి నీళ్లొచ్చేది రేపు మాపటికి. చివరి మడి సంగతి నీకెర్కలేదా?"

వహాబ్‌కు తెలుసు. ఇరవై రెండేళ్లలో ఆ చివరి మళ్లకు నీళ్లు సరిగా అందిన ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మంది తొట్టి చుట్టూ మూగి ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు. ఎవరో రాయి విసిరారు. మొసలి నీళ్లడుగుకు పోయింది. సంచుల మెట్లు అలాగే ఖాళీగా ఉన్నాయి.

"మీరు జర దూరం పోతె అదే ఎక్కిపోతది," అని వహాబ్ బతిమాలాడు. ఎవరూ కదల్లేదు.

పది దాటాక భవ్యశ్రీకి ఫోన్ వచ్చింది. టీం ఇంకోచోట చిరుతపులి కోసం ఆగిపోయింది. రేపటికి గాని రాదు. ఇక్కడ ఫోన్లో చెబితే సార్లు వినడం లేదని, తానే రేంజి ఆఫీసుకు పోయి బోనూ మనుషులూ పట్టుకొస్తానని ఆమె స్కూటీ ఎక్కింది.

"రెండు గంటలల్ల వస్త కాకా. గేటు ముట్టకు."

ఆమె పోయిన అరగంటకు వహాబ్ ఫోన్ మోగింది. వాట్సాప్ కాల్. ప్రశాంత్.

"ఏం చేస్తున్నవయ్యా? పైనించి నన్ను దులుపుతున్నరు. దాసరిపల్లోళ్లు రోడ్డు మీద కూసుంటమంటున్నరంట. లేపు గేటు."

"సార్, ఫారెస్టు మేడం వద్దన్నది. జర ఒక్క కాగితం రాసి పంపుండ్రి సార్, ఫోన్ల ఫోటో పెట్టినా సాలు."

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న కాగితమడిగినవా? నేను చెప్తున్న గదా. లేపు." ఫోన్ కట్టయింది.

గేటు సైఫన్‌కు రెండు ఫర్లాంగుల ఎగువన ఉంది. వహాబ్ నడుస్తుంటే వెంకట్రాములూ మరో పదిమందీ వెనక వచ్చారు. గేటు పెట్టె తాళం తీసి, ఇనుప హ్యాండిల్ మరకు తగిలించాడు. రెండే చుట్లు లేపుదామనుకున్నాడు. సన్నగా నీళ్లు పోతే తొట్టిలో మట్టం మెల్లగా పైకొస్తుంది. మొసలి తేలి సంచుల మీదికి వస్తుంది. అది గట్టెక్కాక పూర్తిగా లేపొచ్చు. పంటా దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది. ఆ మాటే అందరికీ చెప్పాడు.

"ఒక్క గంట ఆగుండ్రి. మీ కాళ్లు మొక్కుత, ఒక్క గంట."

రెండు చుట్లు తిప్పాడు. గేటు కింది నుంచి చేటంత వెడల్పున నీళ్లు బుసకొట్టాయి. హ్యాండిల్ మరకే ఉంచి, గట్టెంట సైఫన్ దగ్గరికి పరుగెత్తాడు. అక్కడున్న వాళ్లను కర్రతో అదిలించి వెనక్కి తోలాడు. నీళ్లు తొట్టిలోకి దిగాయి. గోడ మీద గోళ్ల గీతలు ఒకటొకటిగా మునిగాయి. మొసలి పైకి తేలి, మూలకు వచ్చి, ముందరి కాలు ఒక సంచి మీద పెట్టింది. కాసేపు ఆగి రెండో కాలు పెట్టింది. వహాబ్ గట్టు మీద కూర్చుండిపోయాడు. "నడు," అన్నాడు గొంతులోనే. "నడు తల్లీ."

అప్పుడు ఎగువ నుంచి హోరు వినబడింది.

తల తిప్పి చూసేసరికి కాలువ నిండా ఎర్రటి నురగ కట్టుకుని నీళ్లు వస్తున్నాయి. గేటు పూర్తిగా లేచింది. వహాబ్ అరిచాడు. ఎవరికి అరిచాడో అతనికే తెలియదు. నీళ్లు తొట్టిలోకి విరుచుకుపడి పై సంచులను అగ్గిపెట్టెల్లా తోసేశాయి. మొసలి పొట్ట ఒక్కసారి తెల్లగా కనిపించి మాయమైంది. అతను మళ్లీ రెండు ఫర్లాంగులూ పరుగెత్తి, హ్యాండిల్ దగ్గరున్న వాళ్లను తోసేసి, అరచేతుల తోలు ఊడేదాకా తిప్పి గేటు దించాడు. దించుతున్నంతసేపూ వెంకట్రాములు అతని భుజం పట్టి గుంజుతూనే ఉన్నాడు.

భవ్యశ్రీ బోనుతో వచ్చేసరికి కొక్కెం కర్రతో మొసలిని జాలీ మీది నుంచి విడదీసి గట్టున పడుకోబెట్టారు. ఆమె దాని నోటి దగ్గర చేయి పెట్టి చూసింది. తర్వాత అక్కడే, ఎండలో, దాని పక్కన కూర్చుంది.

ప్రశాంత్ ఫోన్ చేశాడు. "అయిపోయింది గదా, ఇగ లేపు."

సాయంత్రం దాకా కాలువ నిండుగా పారింది. శనివారం మధ్యాహ్నానికి దాసరిపల్లి చివరి మడి తడిసింది.

*

శనివారమే పశువుల డాక్టరు వచ్చి కోసి చూసి, ఊపిరాడక చనిపోయిందని రాశాడు. మొసలిని కట్టెలు పేర్చి కాల్చేశారు. పంచనామా మీద సాక్షి సంతకం పెట్టింది వెంకట్రాములు. లష్కరు వహాబ్ తాళం తీసి గేటు లేపుతుండగా చూశానని అందులో ఉంది. రెండు చుట్ల సంగతి లేదు. తర్వాత ఎవరు తిప్పారన్న సంగతీ లేదు.

"నాకు గేటు తిప్పుడు కూడ రాదు భాయ్," అన్నాడు, వహాబ్ వంక చూడకుండా. అతని చెప్పులకు తడిసిన మడి బురద ఇంకా అంటుకుని ఉంది.

ఆదివారం ప్రశాంత్ బండి మీద ఇంటి ముందుకు వచ్చాడు. దిగలేదు, ఇంజనూ ఆపలేదు.

"కాంట్రాక్టు ఏజెన్సీ వాళ్లు నిన్ను తీసేసిన్రు. కేసు పడ్డోన్ని పెట్టుకోరంట. తాళాలు ఇటియ్యి." వహాబ్ లోపలికి పోయి గేటు తాళాల గుత్తి తెచ్చి ఇచ్చాడు. "నా పేరు తేకు వహాబ్. నేను బందుపెట్టుమనే ఫోన్ చేసిన అని రాసిచ్చిన. నేనన్న బయటుంటె నీకేమన్న పనికొస్త."

"గట్ల రాసిచ్చిన్రా సార్," అన్నాడు వహాబ్. బండి పోయాక కూడా చాలాసేపు గుమ్మంలోనే నిలబడి, హ్యాండిల్‌కు కమిలిన అరచేతులను చూసుకున్నాడు. మెహబూబీ ఎడమ చేత్తో కొబ్బరినూనె రాసింది. రాస్తూ ఒక్క మాట అడిగింది.

"రేపు ఫారెస్టు ఆఫీసుకు నేను గూడ రావాల్నట గదా. నన్నెందుకు పిలిచిన్రు?"

"తెల్వదు."

"నా రిపోర్టు ముచ్చటేమో," అంది. ఆ మాటలో ఆశ వినబడకుండా జాగ్రత్తపడింది.

*

రేంజి ఆఫీసులో రేంజి ఆఫీసరు బల్లకు అవతల కూర్చున్నాడు. పెద్ద వయసు మనిషి. గొంతు పెంచే అలవాటు లేదు. పక్క బల్ల మీద క్లర్కు, కంప్యూటర్ ముందు భవ్యశ్రీ. వహాబ్ దంపతులు లోపలికి వచ్చినా ఆమె తలెత్తలేదు. యూనిఫాం చొక్కా కాలరు చెమటతో నల్లబడి ఉంది.

వహాబ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫోను, సంచులు, రెండు చుట్లు. ఆఫీసరు మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక అన్నాడు, "ఏఈ కాదంటున్నడు. రైతులు కాదంటున్నరు. గేటు తాళం నీ దగ్గర్నే ఉన్నది. పైన మాకు జవాబు చెప్పాలె. జంతువు సచ్చింది, ఎవరో ఒకరు చంపుండాలె. భవ్యశ్రీ, స్టేట్‌మెంట్ చదువు."

భవ్యశ్రీ చదవడం మొదలుపెట్టింది. తేదీలు, కొలతలు, సెక్షన్లు. ఒకచోట ఆగిపోయింది.

"చదువు," అన్నాడు ఆఫీసరు.

"నిందితుడి భార్య మెహబూబీ ఆరు సంవత్సరాల క్రితం నది ఒడ్డున బట్టలు ఉతుకుతుండగా మొసలి దాడిలో కుడి చేయి కోల్పోయినది. ఇది బీట్ ఆఫీసర్ విచారణ నివేదికలో రుజువైనది. అప్పటినుండి నిందితుడు మొసళ్లపై కక్ష పెంచుకుని, అవకాశం కోసం చూసి, ఉద్దేశపూర్వకంగా గేటు ఎత్తి..."

"ఆగు బిడ్డా," అంది మెహబూబీ. "నా ముచ్చట మళ్ల చదువు. అదొక్కటే."

భవ్యశ్రీ మళ్లీ చదివింది. ఈసారి ఒక్కో మాట దగ్గరా ఆగింది. నది ఒడ్డున. మొసలి దాడిలో. రుజువైనది.

మెహబూబీ కళ్లు మూసుకుని వింది. పెదాలు ఆ మాటల వెంట కదిలాయి. వహాబ్ ఆమె ముఖం చూసి, మళ్లీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. బయట ఎవరో జీపు కడుగుతున్నారు.

"గీ కాగితం మీద సంతకాలైతె ఏమైతది సార్?" అడిగింది ఆమె.

"కక్షతోని చంపిండన్నట్టు. ఇయ్యాల్నే కోర్టుల పెడ్తం. మూడేండ్లకు తక్కువ పడదు. ఏడేండ్ల దాక పడొచ్చు."

"కక్ష లేకుంటె?"

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడిచాడు. "కక్ష లేకుంటె పనిల నిర్లక్ష్యం. నోటీసిచ్చి ఇంటికి పంపుతం. తర్వాత కోర్టు చూస్కుంటది. కానీ కక్ష ఉన్నది గదమ్మా. నీ చెయ్యే సాక్ష్యం."

మెహబూబీ లేచి నిలబడింది.

"తప్పు రాసిన్రు సార్. నన్ను పట్టింది మొసలి గాదు."

వహాబ్ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాడు. "మెహబూబీ!"

"మొసలి గాదు," అంది ఆమె మళ్లీ, ఆఫీసరు ముఖంలోకే చూస్తూ. "ఇంజను బెల్టుల పడ్డది చెయ్యి. మీ ఆఫీసే రాసింది ఆరేండ్ల కింద. మోటారు బెల్టని. మొసలని రుజువు లేదని. ఫైలు మీ తానే ఉన్నది, తీసి చూడుండ్రి."

"మరి ఇన్నేండ్ల సంది తిరిగినవు గదా, మొసలి మొసలని?"

"అబద్ధమాడిన సార్. సర్కారిస్తదేమోనని ఆశపడ్డ."

భవ్యశ్రీ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "అమ్మా, నువ్వట్ల అనకు. నేను కొలిసిన. ముగ్గురు చెప్పిన్రు. ఇట్ల చెప్పినవంటే ఇగ ఎన్నటికీ..."

"కూసో బిడ్డా," అంది మెహబూబీ మెల్లగా. "నీకు తెల్వక రాసినవ్. నేనే నీకు అబద్ధం జెప్పిన. నీ తప్పు లేదు."

ఆఫీసరు పాత ఫైలు తెప్పించాడు. బెల్టు మాట ఉన్న కాగితం కింద తన ఆఫీసు ముద్రే ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు. అబద్ధమని అతనికి తెలిసినట్టే ఉంది. ఆ అబద్ధం ఎవరిదో కూడా తెలిసినట్టే ఉంది. కాదనాలంటే ముద్రను కాదనాలి.

"కక్ష మాట తీసెయ్యి," అన్నాడు క్లర్కుతో. "నిర్లక్ష్యం అని రాయి. ఈమెది వేరే స్టేట్‌మెంట్ తీసుకో. ఆ విచారణ ఫైలు కూడ దీంతోని మూసెయ్యి."

క్లర్కు రాసిన కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు. నా చేయి మోటారు బెల్టులో పడి తెగినది, మొసలి దాడి కాదు, ఇకపై ఈ విషయమై ఎటువంటి అర్జీ పెట్టుకోను. ఇంకు పెట్టె మూత తీసి, రోజుకు పదిసార్లు చెప్పే మాటే చెప్పాడు.

"ఆడోళ్లది కుడి బొటనవేలు."

క్లర్కు తలెత్తి చూసి, నాలుక కరుచుకున్నాడు.

"కుడిది లేదు సార్," అంది మెహబూబీ.

వహాబ్ ఆమె ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. "పెట్టకు. నేను జైలుకు పోయొస్త. ఆరేండ్లు తిరిగినవ్. పెట్టకు."

"పోయొస్తవా? నువ్వు పోతె నాకు జడెవరేస్తరు?" అంది ఆమె. నవ్వులాంటిదేదో పెదాల మీదికి వచ్చి పోయింది. మణికట్టు విడిపించుకుని, బొటనవేలు ఇంకులో అద్ది, క్లర్కు చూపించిన చోట ఆనించి గట్టిగా నొక్కింది. ఎత్తాక ముద్ర సరిగా పడిందో లేదో వంగి చూసింది.

బయటికి వచ్చారు. వరండా చివర కొళాయి ఉంది. మెహబూబీ దాని కింద చేయి పెట్టింది. నీళ్లు పడ్డాయి గాని ఇంకు పోలేదు. రుద్దుకోవడానికి ఇంకో చేయి లేదు. వేలిని గోడకు రాసింది, తర్వాత చీర కుచ్చిళ్లకు రాయబోయి ఆగింది.

వహాబ్ కింద కూర్చున్నాడు. చిటికెడు మట్టి తీసుకుని, ఆమె చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, కమిలిన అరచేతులతోనే రుద్దడం మొదలుపెట్టాడు. గోటి అంచుల్లో, గీతల్లో నలుపు ఉండిపోయింది. వెనక తలుపు దగ్గర భవ్యశ్రీ వచ్చి నిలబడినట్టు తెలుస్తూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ తిరిగి చూడలేదు.

"పోయిందా?" అడిగాడు.

"లేదు," అంది మెహబూబీ. "ఇంకా రుద్దు."